పలక ఎడిటర్ డెబ్ ప్యాకేజీ: ఉబుంటు 24.04ల ఎక్కుతున్నది, 22.04ల ఎక్కుతలేదు

పాలమూరు_పెంగ్విన్:
సీ భాషలో, జీటీకే 3తో (కిటికీలు, బటన్లు గీసే లైబ్రరీ) రాసిన చిన్న టెక్స్ట్ ఎడిటర్. పేరు పలక. మహబూబ్‌నగర్, జడ్చర్ల ల్యాబుల్లో పెట్టాలె. ఉబుంటు 24.04 మీద కట్టిన డెబ్ (ఇన్‌స్టాల్ చేసే ప్యాకేజీ ఫైల్) అదే వెర్షన్ల మంచిగనే ఎక్కుతున్నది. 22.04 సిస్టంలల్ల మాత్రం లిబ్‌జీటీకే-3-0టీ64 కావాలె, అది దొరకదు అని ఆగుతున్నది. కంట్రోల్ ఫైల్ల (ప్యాకేజీకి ఏమేం కావాలో రాసే ఫైల్) ఆ పేరు ఎక్కడా రాయలేదు. ఎక్కడికెళ్లి వచ్చింది? ఇంకోటి, ఎక్కిన చోట కూడా కొన్ని సిస్టంలల్ల తెలుగు డబ్బాలు డబ్బాలుగా కనబడుతున్నది. ల్యాబుల నెట్ ఉండదు.

క్లాక్‌టవర్_నల్లగొండ:
అన్నా, ఆ పేరు డీపీకేజీ-ష్లిబ్‌డెప్స్ (కావాల్సిన లైబ్రరీలను వెతికే బిల్డ్ టూల్) రాసింది. డిపెండ్స్ (తప్పక కావాల్సినవి) వరుసల ష్లిబ్స్:డిపెండ్స్ అని పెట్టి ఉంటరు. బైనరీ ఏయే లైబ్రరీలకు లింక్ అయిందో చూసి, కట్టిన మెషీన్ల వాటి ప్యాకేజీ పేర్లేమున్నయో అవే అక్కడ నింపుతది. 2038 సమస్య (32 బిట్ల సమయం లెక్క ఆ ఏడు పొంగిపోవుడు) కోసం టైమ్_టీని (సమయం దాచే టైపు) 64 బిట్లకు మార్చినప్పుడు చాలా లైబ్రరీల పేర్ల వెనక టీ64 చేరింది. 22.04ల ఆ పేరే లేదు.

పేరు చేత్తో దిద్ది సరిపెట్టొద్దు. గ్లిబ్‌సీ (సీ ప్రోగ్రాంలకు అడుగున ఉండే లైబ్రరీ) 22.04ల 2.35, 24.04ల 2.39. డెబ్ ఎక్కినా, నడిపినప్పుడు గ్లిబ్‌సీ_2.38 దొరకలేదని చావొచ్చు. కోడ్‌ల స్ట్ర్‌టోల్ (అక్షరాలను అంకెగా మార్చే ఫంక్షన్) ఉంటే కొత్త హెడర్లు దాన్ని 2.38 సింబల్‌కు మళ్లించొచ్చు.

పెట్టబోయే వాటిల్ల అన్నిటికన్నా పాత సిస్టం ఏదో దాని మీద కట్టాలె. ఉన్న మెషీన్ మార్చే పని లేదు, పీబిల్డర్‌తో జామీ (22.04 మారుపేరు) చ్రూట్, అంటే మెషీన్ల వేరుగా ఉండే చిన్న సిస్టం, ఒకటి చేసుకొని అందుల బిల్డ్ చేయున్రి. 64 బిట్ సిస్టంలల్ల టీ64 ప్యాకేజీలు పాత పేరును కూడా ప్రొవైడ్స్‌ల (ఈ పేరుకు కూడా పనికొస్తనని చెప్పే వరుస) చూపిస్తయి కాబట్టి అక్కడ కట్టింది 24.04 మీద కూడా ఎక్కుతది.

దేవరకొండ_కీబోర్డ్:
చ్రూట్‌ల శుభ్రంగా కడితే బిల్డ్-డిపెండ్స్‌ల (కట్టడానికి కావాల్సిన ప్యాకేజీల వరుస) మర్చిపోయినవి కూడా బయటపడతయి. సొంత మెషీన్ల ఎప్పుడో వేసుకున్న డెవ్ ప్యాకేజీలు ఆ తప్పును దాచిపెడతయి.

మేక్‌ఫైల్ చేత్తో రాసింది అయితే ఇంకో గుంత ఉన్నది. ప్రిఫిక్స్ (ఫైళ్లు ఎక్కే చోటు) మామూలుగా /యూఎస్‌ఆర్/లోకల్ ఉంటది. డీహెచ్ (డెబ్ కట్టే టూల్) డెస్ట్‌డిర్ (కట్టేటప్పుడు ఫైళ్లు పెట్టే తాత్కాలిక ఫోల్డర్) ఇస్తది గానీ ప్రిఫిక్స్ మార్చదు. అప్పుడు డీహెచ్_యూఎస్‌ఆర్‌లోకల్ దగ్గర "ఇది డైరెక్టరీ కాదు" అని బైనరీ పేరు చూపించి బిల్డ్ ఆగిపోతది. రూల్స్ ఫైల్ల ఓవర్‌రైడ్_డీహెచ్_ఆటో_ఇన్‌స్టాల్ కింద ప్రిఫిక్స్=/యూఎస్‌ఆర్ ఇయ్యున్రి. ఆ వరుస ముందు ట్యాబే ఉండాలె. స్పేసులు పెడితే "సెపరేటర్ లేదు" అని తిడుతది.

మూసీ_ఒడ్డు:
డబ్బాల సంగతి చెప్తా. ష్లిబ్‌డెప్స్ లింక్ అయిన లైబ్రరీలనే చూస్తది. ఫాంట్‌కు లింక్ ఉండదు, అందుకే దాన్ని మనమే రాయాలె. రికమెండ్స్‌ల (ఉంటే మంచిది అనే వరుస) ఫాంట్స్-లోహిత్-టెలు, నిలువు గీత, ఫాంట్స్-నోటో-కోర్ అని పెట్టున్రి. రెండిట్ల ఏది ఉన్నా సరిపోతది. డిపెండ్స్‌ల పెడితే వేరే తెలుగు ఫాంట్ వాడేవాళ్ల మీద కూడా బలవంతంగా రుద్దినట్టయితది, నాకది సమ్మతం కాదు. డీపీకేజీ -ఐ రికమెండ్స్‌ను పట్టించుకోదు. ఆప్ట్ ఇన్‌స్టాల్ ./పలక.డెబ్ అని కొట్టాలె. ముందల చుక్క, స్లాష్ లేకపోతే ఆప్ట్ దాన్ని ఫైలుగా చూడదు, రెపోల ప్యాకేజీ పేరనుకొని వెతుకుతది.

నెట్ లేని ల్యాబ్‌కు: ల్యాబ్ సిస్టంకు అచ్చం జోడైన ఇన్‌స్టాల్ ఉన్న మెషీన్ల డౌన్‌లోడ్-ఓన్లీ ఇచ్చి, /వార్/క్యాష్/ఆప్ట్/ఆర్కైవ్స్ లోని డెబ్‌లన్నీ పెన్‌డ్రైవ్‌ల వేసుకోండి. అన్నీ ఉన్న మెషీన్ల చేస్తే లేనివి మాత్రమే దిగుతయి, ల్యాబ్‌ల మళ్ల కొరత పడతది. _ఆప్ట్ యూజర్‌కు ఫైల్ అందలేదని చివర్ల ఒక గమనిక వస్తది. దానితోని ఇన్‌స్టాల్ ఆగదు.

ఒక మాట. నల్లగొండ డీటీపీ సెంటర్ల పాత ఫైళ్లు అను ఫాంట్లల్ల ఉంటే ఏ ప్యాకేజీతోని తెలుగు రాదు. అవి యూనికోడ్ కావు, ముందు కన్వర్ట్ చేయాలె.

దేవరకొండ_కీబోర్డ్:
డెస్క్‌టాప్ ఫైల్ల (మెనూల ఎడిటర్‌ను చూపించే ఫైల్) మైమ్‌టైప్=టెక్స్ట్/ప్లెయిన్; అని సెమీకోలన్‌తో ముగించండి. ఎగ్జిక్ వరుసల పెద్ద %ఎఫ్ వాడాలె. చిన్నది వాడితే నాలుగు ఫైళ్లు ఎంచుకుంటే ఎడిటర్ నాలుగుసార్లు లేస్తది. ఐకాన్ వరుసల .పీఎన్‌జీ రాయొద్దు.

పోస్ట్‌ఇన్‌స్ట్‌ల (ఇన్‌స్టాల్ అయినంక నడిచే స్క్రిప్ట్) /యూఎస్‌ఆర్/బిన్/ఎడిటర్‌కు ఆల్టర్నేటివ్‌గా పలకను మాత్రం పెట్టకున్రి. వైసుడో, క్రాన్‌ట్యాబ్ -ఈ లాంటి అడ్మిన్ కమాండ్లు దాన్నే పిలుస్తయి. ఎస్‌ఎస్‌హెచ్‌ల డిస్‌ప్లే లేకుంటే కిటికీ తెరుచుకోదు, అడ్మిన్ చేతులు కట్టేసినట్టయితది.

పాలమూరు_పెంగ్విన్:
జామీ చ్రూట్‌ల కట్టింది రెండు వెర్షన్ల మీదా ఎక్కింది, తెలుగు కూడా వస్తున్నది. కానీ ముందు 1.0-ఆర్‌సీ1 (విడుదలకు ముందటి పరీక్ష వెర్షన్) ఎక్కించిన సిస్టంలల్ల 1.0-1 పెట్టబోతే డౌన్‌గ్రేడ్ అంటున్నది.

క్లాక్‌టవర్_నల్లగొండ:
హైఫన్ తర్వాతది డెబియన్ రివిజన్ కింద లెక్క. అక్కడ అక్షరంతో మొదలయ్యే ఆర్‌సీ1 ఉత్త 1 కన్నా పెద్దది. 1.0~ఆర్‌సీ1-1 అని రాయాలె, టిల్డే ఉన్నది 1.0 కన్నా ముందుంటది. డీపీకేజీ --కంపేర్-వెర్షన్స్‌తో ముందే చూసుకోవచ్చు. ఇప్పటికే ఎక్కినవాటికి ఛేంజ్‌లాగ్‌ల 1.0.1-1 వేసి మళ్ల కట్టున్రి. అన్ని సిస్టంలల్ల అప్‌గ్రేడ్‌గనే పోతది.