గోదావరి స్నానఘట్టాల వద్ద నీటి నాణ్యత హెచ్చరిక పెట్టాలా, వద్దా?

గౌతమీతీరం (చర్చ ప్రారంభం)

2027 పుష్కరాల కోసం రాజమహేంద్రవరంలో చేయవలసిన పనుల గురించి మాట్లాడేటప్పుడు మెట్లు, రోడ్లు, దుస్తులు మార్చుకునే గదులు, వాహనాలు నిలిపే స్థలాలు అన్నీ ప్రస్తావనకు వస్తున్నాయి కానీ, అందరూ దిగవలసిన ఆ నీటి సంగతి మాత్రం చివరి అంశంగానే మిగిలిపోతోంది. అందుకే ఒక ప్రతిపాదనను ఇక్కడ చర్చకు పెడుతున్నాను. పుష్కరఘాట్, కోటిలింగాల ఘాట్, గౌతమీ ఘాట్ వంటి ప్రతి స్నానఘట్టం వద్దా ఆ ఘట్టపు నీటి పరీక్ష ఫలితాన్ని తేదీతో సహా బోర్డు మీద రాయాలి. ప్రమాణం మించిన రోజున ఎర్రజెండా ఎగరేసి, మునకలు వేయవద్దని చెప్పాలి.

ప్రమాణం మనం కొత్తగా కనిపెట్టవలసిన పని లేదు. స్నానపు నీటికి కేంద్ర పర్యావరణ శాఖ 2000లోనే ప్రమాణాలు ప్రకటించింది. మనుషుల, పశువుల మలం నీటిలో కలిసిందని తెలియజేసే ఫీకల్ కోలిఫాం బ్యాక్టీరియా 100 మి.లీ. నీటిలో 500 లోపు ఉండటం వాంఛనీయం, 2,500 దాటకూడదు. నీటిలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 5 మి.గ్రా. లేదా అంతకంటే ఎక్కువ, బీఓడీ (నీటిలోని మలినాలను కుళ్ళబెట్టడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్) 3 మి.గ్రా. లేదా అంతకంటే తక్కువ ఉండాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో గుర్తించిన 351 కలుషిత నదీభాగాలలో రాయనపేట నుంచి రాజమండ్రి వరకు ఉన్న గోదావరి కూడా చేరింది. తీవ్రతను బట్టి చేసిన అయిదు తరగతులలో ఇది చివరిది, అంటే పరిస్థితి చేయి దాటలేదన్న మాట. అయినా జాబితాలో పేరు ఉందన్నది నిజం.

జెండా ఎగరేస్తే గోదారమ్మను అవమానించినట్లవుతుందని కొందరు అంటారని నాకు తెలుసు. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తున్నారు; 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. దానిని అవమానమని ఇంతవరకు ఎవరూ అనలేదు. వరదకు ఉన్న హెచ్చరిక మురుగుకు ఎందుకు ఉండకూడదు?

మూడుమునకలు

గౌతమీతీరం గారి ఉద్దేశం మంచిదే అయినా, జనసమ్మర్దం ఎలా ఉంటుందో ఆలోచించకుండా రాసిన ప్రతిపాదన ఇది. అవమానం అనే మాట నేను ఎత్తను. 2015 జూలై 14న, పుష్కరాల మొదటి రోజు ఉదయం, ఇదే పుష్కరఘాట్‌లో జరిగిన తొక్కిసలాటలో పాతికమందికి పైగా ప్రాణాలు పోయాయి. అలాంటి చోట, ముహూర్తం కోసం అర్ధరాత్రి నుంచి నిలబడి ఉన్న లక్షలాది మంది ముందు తెల్లవారుజామున ఎర్రజెండా ఎగిరితే ఏమవుతుంది? ఈ ఘాట్ మూశారు, ఆ ఘాట్‌కు వెళ్ళండి అనగానే జనం ఎటు కదులుతారు? విరేచనాలు కలిగించే సూక్ష్మజీవికి భయపడి మనుషులను తొక్కిసలాటలోకి తోయడమే అవుతుంది.

రెండవ మాట. మన ఘాట్ల వద్ద ఏటా ప్రాణాలు పోయేది మునిగిపోవడం వల్ల. మెట్టు దాటితే ఎంత లోతు ఉందో తెలియక, ఇసుక తవ్విన గుంటలలో చిక్కుకొని పిల్లలు పోతున్నారు. ఉన్న డబ్బును గొలుసులకు, కంచెలకు, పడవలకు, గజ ఈతగాళ్ళకు ఖర్చు పెట్టాక మిగిలితే పరీక్షనాళికల గురించి మాట్లాడుకోవచ్చు.

కల్చర్‌ప్లేటు

నేను నీటి పరీక్షల ప్రయోగశాలలో కొన్నేళ్ళు పనిచేశాను. ఇద్దరి వాదనలోనూ కనిపించని విషయం ఒకటి ఉంది, ఈ చర్చకు అదే కీలకమని నా అభిప్రాయం. వరద మట్టం కొలబద్ద మీద చూసిన క్షణంలోనే తెలుస్తుంది. బ్యాక్టీరియా లెక్క అలా తెలియదు. నీటిని నాళికలలోని పోషక ద్రావణంలో పోసి, వెచ్చని పెట్టెలో ఉంచి, వాయువు పుట్టిందా లేదా అని చూసే పాత పద్ధతిలో తుది ఫలితానికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది. వడపోత పొర మీద పెంచే పద్ధతిలోనైనా సుమారు ఒక రోజు తప్పదు. ఈలోగా మీరు మునిగిన నీరు ధవళేశ్వరం బ్యారేజీ దాటి కాలువల్లోకో సముద్రంలోకో వెళ్ళిపోయి ఉంటుంది. ఈ ఉదయం ఎగరేసే జెండా నిన్నటి నీటికో మొన్నటి నీటికో చెందినదే అవుతుంది.

నదిలో అమర్చే ఆన్‌లైన్ యంత్రాలు ఉన్నాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. అవి ఆమ్లత్వం, ఆక్సిజన్, మడ్డితనం, విద్యుద్వాహకత వంటివి క్షణక్షణమూ చెప్పగలవు కానీ, ఫీకల్ కోలిఫాంను లెక్కించలేవు. ఆక్సిజన్ చక్కగా ఉన్న నీటిలో మలబ్యాక్టీరియా మెండుగా ఉండటం అరుదేమీ కాదు.

నమూనా ఎక్కడ తీస్తారన్నది మరొకటి. పడవ మీద నది మధ్యకు వెళ్ళి సీసా ముంచితే ఫలితం అందంగా వస్తుంది. జనం దిగే మెట్టు దగ్గర, మోకాలి లోతులో, జనం ఉన్న సమయంలోనే నమూనా తీస్తే అది వేరుగా ఉంటుంది. నేను పనిచేసిన చోట ఈ తేడా తెలియనివారు లేరు, పైకి మాట్లాడినవారూ లేరు. అందులో నేనూ ఒకడిని.

గౌతమీతీరం

కల్చర్‌ప్లేటు గారి నిజాయితీకి నమస్కారం. అయితే ఆలస్యంగా వచ్చే ఫలితం నిష్ప్రయోజనమనడం సరికాదు. పది వారాల ఫలితాలు వరుసగా ఉంటే ఏ ఘాట్ ఎప్పుడూ చెడ్డగానే ఉంటుందో తెలుస్తుంది కదా. ఐరోపా దేశాలలో స్నానస్థలాలను ఒక్క రోజు లెక్కతో కాకుండా నాలుగేళ్ళ లెక్కలతో తరగతులుగా విభజిస్తున్నారు.

కల్చర్‌ప్లేటు

నిజమే, కానీ పలు రోజుల లెక్కలను ఒక్క అంకెగా ఎలా కుదిస్తారన్నదే అసలు చిక్కు. 2025 కుంభమేళా సమయంలో ప్రయాగ్‌రాజ్‌లో జరిగిన సంగతి గుర్తుచేసుకోండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదిక, పరీక్షించిన అన్ని చోట్లా వివిధ సందర్భాలలో ఫీకల్ కోలిఫాం స్నానపు ప్రమాణానికి లోబడి లేదని చెప్పింది. కొద్ది రోజులకే అదే మండలి మరో నివేదికలో, లెక్కలన్నిటినీ వరుసగా పేర్చి మధ్యన వచ్చే విలువను తీసుకుంటే అది 1,400 అని, 2,500 లోపే కనుక నీరు స్నానానికి తగినదేనని చెప్పింది. రెండూ ఒకే నది గురించి చెప్పినవే. మధ్య విలువ అంటే సగం నమూనాలు అంతకంటే ఎక్కువే ఉన్నాయని అర్థం. ఎంత ఎక్కువో అది చెప్పదు. ఐరోపా పద్ధతిలో మధ్య విలువను కాకుండా 95వ శాతపు విలువను, అంటే నూటికి 95 లెక్కలు దాని లోపే ఉండే విలువను, కింది తరగతికి 90వ శాతపు విలువను చూస్తారు. అంటే చెడ్డ రోజులు లెక్కలోంచి జారిపోవడానికి వీలు తక్కువ. భక్తుడు మునిగేది ఒక్క రోజు నీటిలో, మధ్య విలువలో కాదు.

ఏటికెదురు

నేను పాతికేళ్ళుగా గోదావరిలో ఈత కొడుతున్నాను. ఈ చర్చలో అందరూ పుష్కరాల పన్నెండు రోజుల గురించే మాట్లాడుతున్నారు. మాలాంటివారు, కార్తిక స్నానాలు చేసేవారు, బట్టలు ఉతికేవారు, సెలవులకు వచ్చి గట్టు మీద నుంచి దూకే పిల్లలు మిగతా రోజులన్నిటా నీటిలోనే ఉంటాము. మూడు మునకలు వేసేవారికీ ముప్పావు గంట ఈదేవారికీ ముప్పు ఒకటి కాదు. ఈతకొలనుల్లో అమెరికావారు జరిపిన ఒక పరిశీలనలో, ముప్పావు గంట ఈతలో పెద్దలు సగటున 16 మి.లీ., పిల్లలు 37 మి.లీ. నీరు మింగినట్లు తేలింది. నదిలో అంతకంటే తక్కువ మింగుతామని నేను అనుకోను.

వేసవిలో బ్యారేజీ దగ్గర నీరు నిలిచి ఉన్నప్పుడు, నల్లా ఛానల్ మోసుకొచ్చే ఊరి మురుగు కలిసే దిక్కుకు అనుభవమున్న ఈతగాళ్ళెవరూ వెళ్ళరు. ఆ దిక్కు వాసనే చెబుతుంది. జూలైలో కొత్తనీరు వచ్చి నది ఎర్రబడ్డాక జనం బురదను చూసి జంకుతారు కానీ, ఆ నెలలో ప్రవాహం ఎక్కువ కనుక మురుగు పలచబడుతుంది. ఏప్రిల్‌లో తేటగా కనిపించే నీటికే నేను ఎక్కువ భయపడతాను. నాకు చెవిలో చీము పట్టి నెల రోజులు బాధపడింది అలాంటి తేట నీటిలో ఈదాకే. దానికి నీరే కారణమని నిరూపించలేను.

మూడుమునకలు

ఏటికెదురు గారు చెప్పింది నా ఇంకో అభ్యంతరాన్ని బలపరుస్తోంది. ఎర్రజెండా గురించి ఇంతసేపు మాట్లాడాము, పచ్చజెండా గురించి ఎవరూ ఆలోచించలేదు. మన స్నానంలో ఆచమనం ఉంది, పుక్కిలించడం ఉంది, సీసాలో తీర్థం పట్టుకొని ఇంటికి తీసుకువెళ్ళి పసిపిల్లల నోట్లో పోయడం ఉంది. మీరు చెప్పిన 500 అంకె స్నానానికే కదా. తాగే నీటి ప్రమాణం ప్రకారం 100 మి.లీ.లో ఈ-కోలై అనే మలబ్యాక్టీరియా ఒక్కటి కూడా కనిపించకూడదు. ప్రభుత్వమే పచ్చజెండా ఎగరేస్తే, నీరు బాగుందని సర్కారే చెప్పిందంటూ నిశ్చింతగా తాగుతారు. హెచ్చరిక లేనప్పుడు ఉండే కాస్త జాగ్రత్త కూడా పోతుంది.

కల్చర్‌ప్లేటు

ఈ అభ్యంతరానికి నా దగ్గర జవాబు లేదు. పచ్చజెండా ఆలోచనను విరమించుకోవలసిందే. పైగా కోలిఫాం లెక్క చెప్పని ముప్పులు మరికొన్ని ఉన్నాయి. 2024లోనూ 2025లోనూ కేరళలో ప్రాణాలు తీసిన నెగ్లేరియా అమీబా గోరువెచ్చని మంచినీటిలో బతుకుతుంది, ముక్కులోంచి మెదడుకు ఎక్కుతుంది; మురుగు సూచికలు దానిని పట్టించవు. ఎలుకల మూత్రం ద్వారా వచ్చే ఎలుక జ్వరం సంగతీ అంతే. కోలిఫాం తక్కువ ఉంటే మురుగు తక్కువ కలిసిందని మాత్రమే అర్థం.

సేన్‌ఒడ్డు

చదువు కోసం పారిస్‌లో ఉంటున్నాను. 1923 నుంచి నిషేధంలో ఉన్న సేన్ నది ఈత 2025 జూలైలో మూడు చోట్ల ప్రజలకు తిరిగి మొదలైంది. రోజూ జెండా మారుతుంది, వాన పడితే మూసేస్తారు. ఇక్కడ పాత మురుగు గొట్టాలలోనే వాననీరూ పారుతుంది కనుక గట్టి వానకు అవి పొంగి నదిలో పడతాయి. దానిని ఆపడానికి ఆస్టర్‌లిట్జ్ దగ్గర 50,000 ఘనపు మీటర్ల భూగర్భ తొట్టి కట్టారు. అయినా 2024 ఒలింపిక్స్‌లో పురుషుల ట్రయథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు కలిసిన పోటీ) ఒక రోజు వాయిదా పడింది. ఇంత ఖర్చు చేసినా వానను చూసే నిర్ణయిస్తున్నారన్నది గమనించండి. అయితే ఇక్కడ మూసేసేది కొన్ని వందల మంది ఈదే కొలను లాంటి స్థలాన్ని. పుష్కరఘాట్‌తో దానికి పోలిక లేదని మూడుమునకలు గారితో ఏకీభవిస్తాను.

కల్చర్‌ప్లేటు

సేన్‌ఒడ్డు గారు అసలు దారి చూపించారు. ఫలితం కోసం కాకుండా కారణం కోసం కాపు కాయాలి. కాలిఫోర్నియాలో గట్టి వాన పడ్డాక మూడు రోజుల పాటు సముద్రంలో దిగవద్దని, ఏ పరీక్షా చేయకముందే చెబుతారు. మన దగ్గర కారణాలు వేరు: మురుగు పంపింగ్ కేంద్రంలో కరెంటు పోవడం, శుద్ధికేంద్రం మరమ్మతుకు ఆగడం, తొలకరి వానకు కాలువల్లో నెలల తరబడి పేరుకున్న చెత్త ఒక్కసారిగా కొట్టుకురావడం, వేసవిలో నదిలో ప్రవాహం తగ్గడం. వీటిలో ఏది జరిగినా ఆ క్షణంలోనే ఎవరికో ఒకరికి తెలుస్తుంది, నాళికలో వాయువు పుట్టేదాకా ఆగనక్కర లేదు. ఇన్ని గంటలు పంపులు ఆగాయి కనుక దిగువ ఘాట్‌లో రెండు రోజులు ఈదవద్దు అని రాయడానికి ప్రయోగశాల అవసరం లేదు. ప్రయోగశాల పని, ఆ రెండు రోజులు సరిపోతాయా, నాలుగు కావాలా అన్నది పాత ఫలితాల నుంచి తేల్చడం.

లంకవాసి

కోనసీమ నుంచి ఒక మాట. మీ ఘాట్లన్నీ బ్యారేజీకి ఎగువన ఉన్నాయి. మీరు మురుగును ఘాట్ల దిగువకు మళ్ళిస్తే మీ బోర్డు బాగుపడుతుంది, ఆ నీరు మా కాలువల్లోకి వస్తుంది. మా పిల్లలు ఈత నేర్చుకునేది ఘాట్లలో కాదు, పంటకాలువల్లో. వేసవిలో కాలువలకు నీరు ఆపేశాక గుంటల్లో మిగిలిన నీటిలోనే గేదెలూ పిల్లలూ కలిసి దిగుతారు. మళ్ళింపు వేరు, శుద్ధి వేరు.

గౌతమీతీరం

లంకవాసి గారు చెప్పింది నా ప్రతిపాదనలో లేని మాట, చేరుస్తున్నాను: మురుగు ఎక్కడ కలుస్తున్నదో చూపించే పటం బోర్డు మీద ఉండాలి, అది ధవళేశ్వరం దగ్గర ఆగిపోకూడదు. పుష్కరాల పన్నెండు రోజులకు జెండా ప్రతిపాదనను వెనక్కి తీసుకుంటున్నాను. ఆ పన్నెండు రోజులకు ముందే మురుగును ఆపగలగాలి తప్ప, జనం వచ్చాక చెప్పి ప్రయోజనం లేదు. మిగతా రోజులకు మాత్రం ఎర్రజెండా ఉండాలనే నా పట్టు. పచ్చజెండా ఉండదు.

మూడుమునకలు

మిగతా రోజులకు నాకు పెద్ద అభ్యంతరం లేదు. కానీ జెండా ఎవరి చేతిలో ఉంటుంది? పంపులు నడిపేదీ, పంపులు ఆగాయని చెప్పవలసిందీ ఒకే కార్యాలయమైతే జెండా ఎప్పటికీ ఎగరదు. కాలుష్య నియంత్రణ మండలికి అప్పగిస్తే నెలకొకసారి నమూనా తీసుకువెళ్ళి ఎప్పటికో అంకె పంపుతుంది. దీనికి జవాబు చెప్పేదాకా నేను వ్యతిరేకంగానే ఉంటాను. గొలుసులు, పడవల సంగతి కూడా మరచిపోలేదు.

ఏటికెదురు

రోజూ తెల్లవారుజామున నీటిలో దిగే మేము ఉన్నాము కదా. పంపింగ్ కేంద్రంలో మోటారు నడుస్తున్నదా లేదా అని గేటు బయట నిలబడి వింటేనే తెలుస్తుంది. పంపులు ఆగిన వేళను రాసే పుస్తకాన్ని ఘాట్ దగ్గర అందరికీ కనబడేలా ఉంచితే చాలు, జెండా మేమే కడతాము.

కల్చర్‌ప్లేటు

ఆ పుస్తకంలో నమూనా తీసిన వేళ, తీసిన మెట్టు, నీటి లోతు కూడా రాయించండి. ఆ మూడూ లేకుండా నా దగ్గరకు వచ్చిన ఎన్నో సీసాల మీద నేను సంతకాలు చేశాను.