సమస్యాపూరణం: నూనె కారకున్న నూనె లేదు

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. పాత ఇంగ్లిష్ బైకులవాళ్ల జోకే ఇది: కింద నూనె కారడం లేదంటే బండిలో నూనె అయిపోయినట్టే. 1937లో ఎడ్వర్డ్ టర్నర్ రూపొందించిన ట్రయంఫ్ స్పీడ్ ట్విన్, ఆ వంశంలోనే 1959లో వచ్చిన బోనవిల్ టి120 గుర్తుకు రావచ్చు. బండి మీదే రాయాలని లేదు.

గానుగెద్దు:
గిఱ్ఱు గిఱ్ఱు మంచు గిత్త తిరిగినను
నలుగవలెను నువ్వు నాణెముగను
తాలుగింజ పోసి తైల మిమ్మన నేల
నూనె కారకున్న నూనె లేదు

నిర్వాహకుడు: యతులు కుదిరాయి, తాలుగింజకి నవ్వొచ్చింది. కానీ గానుగ అనగానే చిక్కే పోయింది, కారడమే కదా దాని పని! కారకూడని చోట కారాలి.

మెరిడెన్:
బోనవిల్లు కింద బొట్లుబొట్లుగ జారు
చూచి బెదరకయ్య, చోద్య మేమి
నిలువు చీలు పెట్టె నెట్టుల నతికిన
నూనె కారకున్న నూనె లేదు

యతిగాడు: ‘బొట్లుబొట్లు’ బాగుంది. మూడో పాదంలో యతి తప్పింది. పెట్టెన్ + ఎట్టుల అని విడదీస్తే యతిస్థానంలో ఉన్నది ‘ఎ’. ‘ని’తో చెల్లదు. ‘నేర్పుతో నతికిన’ అనండి, సరిపోతుంది.

మెరిడెన్: మార్చేస్తానండీ. భావం మాత్రం కల్పన కాదు. క్రాంక్‌కేసు, అంటే ఇంజన్ అడుగు పెట్టె, నిట్టనిలువుగా రెండు చిప్పలు. మధ్య గ్యాస్కెట్ కూడా ఉండదు, సీలెంట్ పూసి బిగించడమే.

కిక్‌స్టార్టు:
జంట పిస్టనులకు జతగానె యెక్కుట
వంతు వంతు గాను వాటి మోత
అదురు పుట్టి బోల్టు లన్నియు వదులైన
నూనె కారకున్న నూనె లేదు

నిర్వాహకుడు: నా ఓటు దీనికే. బోనవిల్‌ది 649 సీసీ ఇంజన్, రెండు పిస్టన్లూ కలిసే లేస్తాయి, కలిసే దిగుతాయి, ఒక్కో చుట్టుకు ఒక సిలిండర్‌లోనే ఇంధనం పేలుతుంది. మోత సమంగా ఉంటుంది గానీ, అదురు సింగిల్ సిలిండర్ బండిలాగే. అదంతా మూడు పాదాల్లో పట్టింది. పైన యతిగాడు చెప్పిన అచ్చు యతి ‘బోల్టు లన్నియు’లో చక్కగా కుదిరింది.

మెరిడెన్: ఒక్క అభ్యంతరం. ఈ బండికి ఆయిల్ ట్యాంకు వేరు. కొన్నాళ్లు కదపకుండా ఉంచితే పంపులోని బాల్ వాల్వు దాటి నూనె మెల్లగా క్రాంక్‌కేసులోకి దిగిపోతుంది. కింద చుక్క పడదు, ట్యాంకు ఖాళీ, నూనె మాత్రం లోపలే! అప్పుడు సమస్య అబద్ధం కాదా?

కిక్‌స్టార్టు: ఒక్క కిక్ కొట్టండి. క్రాంక్‌కేసు గాలి వదిలే బ్రీదర్ గొట్టంలోంచి కారి అదే నిజమైపోతుంది.