బంటు ఎక్కువున్నా డ్రా ఎందుకిచ్చినట్టు?

బురుజు_దగ్గర:
కర్నూల్లో చెస్ రేటింగ్ టోర్నీ, ఆఖరి రౌండ్, ఒకటో బోర్డు. ఇద్దరూ పాతకాపులే. తెల్లవైపు రూక్ (ఏనుగు), ఒక బంటు. నల్లవైపు ఒట్టి రూక్. టైమ్ ఉన్నా చేతులు కలిపేశారు. ‘ముందే మాట్లాడుకున్నారు’ అని పేరెంట్స్ గొణుగుడు. నిజంగా గెలవలేని ఆటేనా?

తుంగభద్ర_ఇసుక:
నల్లరాజు ఎక్కడున్నాడో చెప్పన్నా. అదే అసలు లెక్క.

బురుజు_దగ్గర:
బంటుకు ఎదురుగానే. తెల్లవైపు నుంచి లెక్కిస్తే బంటు ఐదో వరసలో. నల్ల రూక్ ఆరో వరసలో అడ్డంగా తిరుగుతోంది.

తుంగభద్ర_ఇసుక:
అది ఫిలిడోర్ పొజిషన్. 18వ శతాబ్దం నుంచీ తెలిసిన డ్రా. రూక్ ఆరో వరసలో కాపలా ఉన్నంతసేపు తెల్లరాజు ముందుకు రాలేడు. బంటును ఆరో వరసకు తోశాడా, నల్ల రూక్ వెంటనే ఒకటో వరసకు దిగి వెనకనుంచి చెక్‌లు మొదలుపెడుతుంది. తెల్లరాజు తలదాచుకోవాల్సిన గడిలోకి సొంత బంటే వచ్చి కూర్చుంది కదా, ఇక ఎక్కడికి పోతాడు?

అనంత_పల్లీ:
అనంతపురంలో నాకు ఇదే ఎండింగ్ పడింది. డ్రా ఇవ్వకుండా లాగాను. అవతల ఒక పెద్దాయన, గడియారంలో టైమ్ దాదాపు లేదు, ఎత్తుకు 30 సెకన్లు కలుస్తాయంతే. ఒక్కసారి తడబడితే ఒట్టు. చివరికి అదే పొజిషన్ మూడోసారి వస్తోంది, డ్రా ఇవ్వాలని ఆర్బిటర్‌ని (రిఫరీని) పిలిచారు. ఎత్తు బోర్డు మీద వేయలేదు, ఎత్తులు రాసుకునే షీటులో రాసి పిలిచారు. మన జూనియర్లు వేసేసి చెయ్యెత్తుతారు. వేశాక అడిగే హక్కు అవతలివాడిదే.

కారందోశ_కడప:
టెక్నిక్ సరేలేబ్బా. ఆఖరి రౌండ్లో పది పన్నెండు ఎత్తులకే లేచిపోయేవాళ్ల సంగతేంది? 2005లో బల్గేరియాలోని సోఫియా టోర్నీలో ఆటగాళ్లు తమలో తాము డ్రా మాట్లాడుకోకూడదని పెట్టారు. మన దగ్గర కనీసం 30 ఎత్తుల దాకా వద్దనాలి.

తుంగభద్ర_ఇసుక:
పెడితే మాత్రం? అదే పొజిషన్ మూడుసార్లు తిప్పుకుంటారు. అయినా డ్రాలన్నీ ఒకటి కావు. 2018 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కార్ల్‌సన్, కరువానా ఆడిన 12 క్లాసికల్ గేములూ డ్రానే. మొదటిది 115 ఎత్తులు సాగింది.

అనంత_పల్లీ:
రేటింగ్ కూడా చూడండి. 200 పాయింట్లు తక్కువున్నవాడితో డ్రా అయితే, కె (రేటింగ్ ఎంత త్వరగా మారాలో చెప్పే అంకె) 20 ఉన్న పైవాడికి 5 పాయింట్లు పోతాయి. ఊరికే ఎవరిస్తారు?

కారందోశ_కడప:
ప్రైజు డబ్బు ముందు 5 పాయింట్లు ఒక లెక్కా!

బురుజు_దగ్గర:
ఇంట్లో మా అబ్బాయిని నల్లవైపు కూర్చోబెట్టి ఆడించా. బంటు ఆరో వరసకొచ్చినా రూక్‌ని దించలేదు. ఓడాడు.

తుంగభద్ర_ఇసుక:
ఇప్పుడు వాణ్ణి తెల్లవైపు కూర్చోబెట్టి నువ్వు నల్లవైపు ఆడన్నా.