ఫోన్‌లో టీమ్స్ వస్తోంది, ల్యాప్‌టాప్‌లో మాత్రం లాగిన్ కావడం లేదు

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నిన్నటి నుంచి ల్యాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ టీమ్స్ తెరుచుకోవడం లేదు. మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ తీసుకుంటోంది. ఫోన్‌కి అప్రూవల్ వస్తోంది, నొక్కుతున్నాను. ఆ తర్వాత ఏదో ఎర్రర్ చూపించి మళ్లీ మొదటికే వస్తోంది. అదే ఐడీతో ఫోన్‌లో బాగానే పనిచేస్తోంది. యాప్ తీసేసి మళ్లీ వేశాను, ఇంటి వైఫై వదిలేసి మొబైల్ డేటాతోనూ చూశాను. ఐటీ వాళ్లకు టికెట్ పెట్టాను, ఇంకా జవాబు లేదు. రేపు సాయంత్రం క్లయింట్ కాల్ ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. పాస్‌వర్డ్ మార్చేయమంటారా?

జవాబు:
పాస్‌వర్డ్ జోలికి వెళ్లకండి. అప్రూవల్ దాకా వచ్చిందంటే పాస్‌వర్డ్ సరిగ్గానే ఉంది. దాన్ని మారిస్తే ఇప్పుడు పనిచేస్తున్న ఫోన్‌లో కూడా మళ్లీ లాగిన్ కావాల్సి వస్తుంది, ఉన్న ఒక్క దారీ చిక్కులో పడుతుంది.

ముందు ఆ ఎర్రర్ స్క్రీన్‌ని కదలనివ్వకుండా చదవండి. పైన పెద్ద అక్షరాల్లో ఉండే మాట ఎందుకూ పనికిరాదు, అసలు సమాచారమంతా కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అక్కడ సీఏఏ అనో, ఏఏడీఎస్‌టీఎస్ అనో మొదలయ్యే కోడ్ ఉంటుంది. దాని దగ్గరే కోరిలేషన్ ఐడీ (ఆ లాగిన్ ప్రయత్నాన్ని గుర్తించే నంబర్), టైమ్‌స్టాంప్ (ఎర్రర్ వచ్చిన సమయం) ఉంటాయి. కోడ్ ఏమిటో, టైమ్‌స్టాంప్‌లో ఎన్ని గంటలు ఉందో, అదే క్షణంలో మీ ల్యాప్‌టాప్ గడియారం ఎంత చూపిస్తోందో చెప్పండి. కోరిలేషన్ ఐడీ ఇక్కడ పెట్టకండి, అది మీ ఐటీ వాళ్లకు మాత్రమే.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే చూశానండి. కోడ్ సీఏఏ20003. టైమ్‌స్టాంప్‌లో 14:05, చివర జెడ్ అని ఉంది. ల్యాప్‌టాప్‌లో ఉదయం 9:05. ఇక్కడ హైదరాబాద్‌లో ఇప్పుడు రాత్రి 7:35. ఈ వారమే న్యూయార్క్ క్లయింట్ ప్రాజెక్టులో చేరాను. మీటింగ్ టైమ్‌లు తికమక కాకుండా ల్యాప్‌టాప్‌లో ఆ ఊరి టైమ్ పెట్టుకున్నాను. దానికీ దీనికీ సంబంధం ఉందా?

జవాబు:
ఉంది, కారణం అదే. సీఏఏ20003 అంటే ఆథరైజేషన్ సమస్య, అంటే లోపలికి అనుమతి దొరకడం లేదని. ఆ కోడ్ వస్తే మొదట తేదీ, సమయం సరిచూసుకోమని మైక్రోసాఫ్టే చెబుతుంది.

టైమ్‌స్టాంప్ చివర ఉన్న జెడ్‌కి అర్థం అది యూటీసీ, అంటే ప్రపంచమంతా ప్రామాణికంగా తీసుకునే సమయం అని. దానికి 5 గంటల 30 నిమిషాలు కలిపితే మన సమయం వస్తుంది. 14:05కి కలిపితే 19:35, అంటే మీరు చెప్పిన రాత్రి 7:35. మైక్రోసాఫ్ట్ సర్వర్ లెక్క సరిగ్గా ఉంది. మీ ల్యాప్‌టాప్‌లో టైమ్ జోన్ ఇండియాదే ఉంచి, ముల్లు మాత్రం పదిన్నర గంటలు వెనక్కి తిప్పారు. విండోస్ దాన్ని న్యూయార్క్ సమయం అనుకోదు. హైదరాబాద్‌లోనే ఉదయం 9:05 అయిందనుకుంటుంది, ఆ లెక్కన యూటీసీ 03:35 అని నమ్ముతుంది.

లాగిన్ పూర్తయ్యాక సర్వర్ మీ యాప్‌కి ఒక టోకెన్ ఇస్తుంది, అది లోపలికి రానిచ్చే పాస్ లాంటిది. అది ఏ క్షణం నుంచి ఏ క్షణం వరకు చెల్లుతుందో అందులోనే రాసి ఉంటుంది, మామూలుగా గంట నుంచి గంటన్నర. 14:05కి ఇచ్చిన టోకెన్ 03:35లో ఉన్న ల్యాప్‌టాప్‌కి ఇంకా మొదలుకానిదిగా కనిపిస్తుంది. ఒకటి రెండు నిమిషాల తేడా అయితే సర్దుకుపోతుంది, పదిన్నర గంటలు సర్దుకోదు. ఫోన్ సమయం నెట్‌వర్క్ నుంచి దానంతటదే వస్తుంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. యాప్‌ని ఎన్నిసార్లు తీసి వేసినా గడియారం మారదు కదా, అందుకే మీ కష్టమంతా వృథా అయింది.

ఇలా చేయండి. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో డేట్ అండ్ టైమ్ తెరవండి. సెట్ టైమ్ ఆటోమేటికల్లీ ఆన్ చేయండి. జోన్ చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉన్నదే ఉంచండి. కిందనే సింక్ నౌ ఉంటుంది, అది నొక్కండి. టీమ్స్‌ని కింద మూల ఉన్న చిన్న ఐకాన్ నుంచి పూర్తిగా క్విట్ చేసి మళ్లీ తెరవండి.

అప్పటికీ రాకపోతే ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో టీమ్స్ పక్కన మూడు చుక్కలు నొక్కి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో రీసెట్ ఇవ్వండి. మీ చాట్‌లు ఎక్కడికీ పోవు, అవి సర్వర్‌లో ఉంటాయి.

వీడియోల్లో చాలామంది సెట్టింగ్స్‌లో యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్‌లోకి (ల్యాప్‌టాప్‌ని కంపెనీ అకౌంట్‌తో కలిపే చోటు) వెళ్లి డిస్కనెక్ట్ కొట్టమంటారు. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో దాన్ని ఐటీ వాళ్లను అడగకుండా ముట్టుకోవద్దు. కొన్నిసార్లు ల్యాప్‌టాప్‌లోకే వెళ్లలేని పరిస్థితి వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
సింక్ నౌ నొక్కి టీమ్స్ తెరిచాను, వెంటనే వచ్చేసింది! చాలా థాంక్సండి. రీసెట్ దాకా పోలేదు. మరి న్యూయార్క్ టైమ్ కూడా కనపడాలంటే ఏం చేయాలి?

జవాబు:
సంతోషం. అదే డేట్ అండ్ టైమ్ పేజీలో అడిషనల్ క్లాక్స్ అని ఉంటుంది. ఇంకో రెండు గడియారాలు పెట్టుకోవచ్చు. న్యూయార్క్ సమయమైన ఈస్టర్న్ టైమ్ ఎంచుకుంటే, కింద గడియారం మీద మౌస్ పెట్టగానే రెండు ఊళ్ల సమయమూ కనిపిస్తుంది. మార్చిలో అక్కడ గంట ముందుకు జరిగి మనతో తేడా తొమ్మిదిన్నర గంటలవుతుంది, నవంబరులో మళ్లీ పదిన్నర. ఆ మార్పు విండోసే చూసుకుంటుంది. ఇంకొక్క మాట. ల్యాప్‌టాప్ పాతదై, ఆపి తెరిచిన ప్రతిసారీ సమయం వెనక్కి పోతుంటే లోపల మదర్‌బోర్డు మీద ఉండే చిన్న బ్యాటరీ అయిపోయి ఉంటుంది, రిపేర్ షాపులో మార్పించండి.

మరో సభ్యుడు:
అన్నా, నాదీ టీమ్సే కానీ గడియారం సరిగ్గానే ఉంది. కొత్త ఫోన్ కొన్నాను, పాతది ఇంకా ఇంట్లోనే ఉంది. ఆథెంటికేటర్ (లాగిన్ అప్రూవల్ వచ్చే యాప్) బ్యాకప్ తీసి కొత్తదాంట్లో వేస్తే కంపెనీ అకౌంట్ పేరు కనిపిస్తోంది, అప్రూవల్ మాత్రం రావడం లేదు. కోపంలో పాస్‌వర్డ్ చాలాసార్లు కొట్టేసరికి ఏఏడీఎస్‌టీఎస్ 50053 అని వచ్చింది.

జవాబు:
తమ్ముడూ, ముందు కాసేపు చేయి ఆపు. 50053 అంటే తప్పు పాస్‌వర్డ్‌లు ఎక్కువై అకౌంట్ తాత్కాలికంగా లాక్ అయిందని. మామూలు సెట్టింగ్‌లో 10 తప్పులకు ఒక నిమిషం లాక్ పడుతుంది, ఆ తర్వాత కూడా తప్పు కొడుతూ పోతే సమయం పెరుగుతుంది. పాస్‌వర్డ్ నిజంగా తప్పు అయితే 50126 వస్తుంది, గడువు తీరితే 50055. 50057 వస్తే అకౌంట్‌నే ఆపేశారని అర్థం, దానికి నువ్వు చేయగలిగింది లేదు, మేనేజర్‌ని అడగాలి.

బ్యాకప్‌లో కంపెనీ అకౌంట్ పేరే వస్తుంది, అప్రూవల్ ఇచ్చే హక్కు రాదు. అది పాత ఫోన్‌తోనే కట్టి ఉంటుంది. ఆ ఫోన్ నీ దగ్గరే ఉంది కాబట్టి పని తేలిక. పాత ఫోన్‌ని వైఫైకి కలిపి, ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ల మై సైన్ ఇన్స్ పేజీలోకి వెళ్లు. స్క్రీన్ మీద కనిపించే రెండంకెల సంఖ్యను పాత ఫోన్‌లో కొట్టి అప్రూవ్ చెయ్యి. సెక్యూరిటీ ఇన్ఫోలో యాడ్ సైన్ ఇన్ మెథడ్ నొక్కి, వచ్చిన క్యూఆర్ కోడ్‌ని కొత్త ఫోన్‌లోని ఆథెంటికేటర్‌తో స్కాన్ చెయ్యి. పాత ఫోన్ ఎక్స్చేంజ్‌లో ఇచ్చేసినవాళ్లు మాత్రం ఐటీ వాళ్లనే అడగాలి. వాళ్లు పాత నమోదు తీసేస్తారు, లేదా టెంపరరీ యాక్సెస్ పాస్ (కొద్దికాలమే పనిచేసే కోడ్) ఇస్తారు. ఈలోపు ఐటీ నుంచి అంటూ ఎవరైనా ఫోన్ చేసి కోడ్ చెప్పమన్నా, నువ్వు లాగిన్ చేయకుండానే అప్రూవల్ వచ్చినా ఒప్పుకోవద్దు.

కొత్త ఫోన్‌తో ఒకసారి లాగిన్ అయి చూసుకున్నాకే ఆ పేజీలో పాత ఫోన్ పేరు డిలీట్ చెయ్యి, ఆ తర్వాతే దాన్ని అమ్ము.