గర్భాం మాంగనీస్ గుట్టలకు సూపర్‌కండక్టింగ్ అయస్కాంతం: పనికొస్తుందా, దండగా?

గరివిడి కుర్రాడు:
విజయనగరం జిల్లా గర్భాం, గరివిడి చుట్టూ గనుల వాళ్లు ఏళ్ల తరబడి పోసిన గుట్టల్లో ఇంకా మాంగనీస్ ఉంది. మామూలు అయస్కాంతానికి చిక్కని సన్నపొడిని సూపర్‌కండక్టింగ్ అయస్కాంతంతో లాగొచ్చని నా వాదన. ఇనుప చట్రం, రాగి కాయిల్ ఉన్న మామూలు అయస్కాంతం దాదాపు 2 టెస్లా (అయస్కాంత బలాన్ని కొలిచే యూనిట్) దగ్గర చతికిలబడుతుంది. నియోబియం-టైటానియం తీగ చుట్టి మైనస్ 269 డిగ్రీలకు చల్లారిస్తే 5 టెస్లా వస్తుంది, తీగలో కరెంటు వేడిగా పోదు. అమెరికాలోని జార్జియాలో కయోలిన్ అనే తెల్ల బంకమట్టిని ఇంకా తెల్లబరచడానికి ఇలాంటి అయస్కాంతాలను 1980ల నుంచే వాడుతున్నారు.

చీపురుపల్లి ఎలక్ట్రీషియన్:
చల్లగా ఉంచేదెవరు బాబూ? ఆ చలి దగ్గర ఒకటిన్నర వాట్ల వేడి లాగడానికి కంప్రెసర్ ఏడు కిలోవాట్లు తాగుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు మాకు రోజుల తరబడి కరెంటు లేదు. రాగి కాయిల్ అయితే కరెంటు రాగానే స్విచ్ వేస్తాం. ఇది ఒకసారి వేడెక్కితే మళ్లీ చల్లార్చడానికే రోజులు పడుతుంది.

గరివిడి కుర్రాడు:
పెద్ద రాగి అయస్కాంతం వందల కిలోవాట్లు లాగుతుంది అన్నా. దాని పక్కన మీ ఏడు ఎంత? ఆ మాత్రం జనరేటరు మోస్తుంది. ఆసుపత్రుల్లో ఇలాంటి అయస్కాంతాలతోనే ఎమ్మారై మెషీన్లు నడవట్లేదా?

పాత ల్యాబ్ మనిషి:
ఇద్దరూ కరెంటు దగ్గరే కొట్టుకుంటున్నారు. కుర్రాడు చెప్పింది సన్నపొడి విషయంలో నిజమే. గింజ సైజు సగమైతే అయస్కాంతం లాగే బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది, నీటి ఒరిపిడి మాత్రం సగమే తగ్గుతుంది. అందుకే బురద లాంటి పొడికి అంత బలం కావాలి. శ్రీకాకుళం తీరంలో భావనపాడు ఇసుకలోని ఇల్మెనైట్ అనే నల్లటి ఖనిజానికి అంత అక్కర్లేదు, మామూలు అయస్కాంతమే చాలు.

మన బెల్టు మాంగనీస్‌కు ఉన్న పాత జబ్బు వేరు: ఫాస్ఫరస్, ఇనుము. అయస్కాంతం పెడితే పలుగురాయి పొడి వదులుతుంది. ఇనుము మాత్రం మాంగనీస్‌తో పాటే అంటుకుంటుంది. ఫాస్ఫరస్ ఎపటైట్ అనే ఖనిజం గింజలుగా విడిగా ఉంటే అదీ పోతుంది. మాంగనీస్ గింజ లోపలే ఇంకి ఉంటే మాత్రం 5 కాదు, 50 టెస్లా పెట్టినా దాంతోపాటే వస్తుంది. ఒకసారి మేము మాంగనీస్ శాతం పెంచామని సంబరపడి సరుకు పంపితే, ఫాస్ఫరస్ కూడా పెరిగిందని కొన్నవాళ్లు లారీని వెనక్కి తిప్పారు. ఆ లారీ బాడుగ ఎవరిచ్చారో అడక్కండి.

గరివిడి కుర్రాడు:
అది నా లెక్కలో లేదండీ. అయితే ముందు మైక్రోస్కోపు కింద చూడాలి. గుట్ట మీంచి రెండు బస్తాలు తెస్తాను.

చీపురుపల్లి ఎలక్ట్రీషియన్:
పైమట్టి తేకు. ఇన్నేళ్ల వానలకు సన్నపొడంతా కడుక్కుపోయి ఉంటుంది. రెండు మూడు చోట్ల నడుం లోతు తవ్వి తియ్యి, ఏ బస్తా ఎక్కడిదో రాసి పెట్టు.