పాలకేంద్రం దగ్గర "రాజకీయాలు మాట్లాడరాదు" అంటే అర్థం ఎంతవరకు?

తూకంరాయి (పూతలపట్టు):
కొన్ని పాలకేంద్రాల గోడమీద ఈ బోర్డు చూస్తా ఉంటాం. పార్టీ గొడవలతో ఊరు రెండుగా చీలి, రెండు కేంద్రాలు పెట్టుకుని రెండూ మూసేసుకునే పరిస్థితి రాకూడదని పెట్టిందే. మంచిదే. అయితే "ఫ్యాట్ (పాలలో వెన్న శాతం) ఎందుకు తగ్గింది?" అని అడిగినా "రాజకీయం చేయొద్దప్పా" అనేస్తా ఉండారు. చర్చ దీని గురించే.

నా మాట ముందే చెప్పేస్తా. తూకంలో నిజాయితీ మనిషి నీతికి సంబంధించింది. రాజకీయం లేకుండానే కాపాడుకోవచ్చు. మిషన్ ముందర కూర్చున్నోడు చేయాల్సింది ఇంతే. ఖాళీ పాత్ర పెట్టి సున్నా చూపించి, తర్వాత పాలు పోయించాలి. తూకం అంకెలు పోసేవాళ్ళ వైపు తిరిగి ఉండాలి. పాలను కింది నుంచి పైకి అయిదారుసార్లు కలిపి అప్పుడు శాంపిల్ తీయాలి. కలపకుండా పైన ముంచితే వెన్న ఎక్కువ, అడుగున తీస్తే తక్కువ. నురుగు చల్లారనివ్వాలి, గాలిబుడగ మిషన్ లోపలికి పోతే రీడింగ్ తప్పుతుంది. ఆవుపాలను బర్రె సెట్టింగులో పెట్టకూడదు. చివర స్లిప్పు ఇవ్వాలి. ఇందులో ఏ పార్టీ ఉందో చెప్పండి.

లెక్కలమాస్టరు (చిత్తూరు):
అన్నా, మీ జాబితాలో శాంపిల్ పాలు ఏమవుతాయో రాయలేదు. 150 మంది రెండు పూటలా పోస్తే 300 శాంపిళ్ళు. ఒక్కోటి 50 మి.లీ. అనుకున్నా రోజుకు 15 లీటర్లు. లీటరు 35 రూపాయలు అనుకుంటే రోజుకు 525, నెలకు 15,750. ఆ పాలు ఎవరివి?

సొసైటీ సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి, ఊళ్ళో అమ్మి, పుస్తకంలో జమ రాస్తే అది సంఘానికి ఆదాయం. అదే పాలు, అదే క్యాను, తీర్మానం లేకుండా సెక్రటరీ ఇంటికి పోతే దొంగతనం. సెక్రటరీ ఎంత మంచోడైనా ఆ తేడా ఆయన మనసులో తేలేది కాదు. నలుగురూ కూర్చుని, చెయ్యెత్తి, మినిట్స్‌లో రాసుకుంటేనే తేలుతుంది. దాన్ని రాజకీయం అనకుండా ఇంకేమంటారు?

తూకంరాయి:
మాస్టారూ, శాంపిల్ తిరిగి క్యానులో పోసేస్తే తీర్మానంతో పనేముంది?

డెయిరీటెక్ (తిరుపతి):
అనలైజర్‌లో, అంటే ఫ్యాట్ చూపించే మిషన్‌లో, పాలకు ఏ మందూ కలవదు, ట్యూబులోకి పీల్చి తిరిగి వదిలేస్తుంది. అలాగని క్యానులో పోయమని నేను సలహా ఇవ్వను. ఒకరి శాంపిల్లో సూక్ష్మజీవులు ఎక్కువుంటే అదే ట్యూబు, అదే కప్పు ద్వారా అందరి పాలకూ అంటుతాయి. తిరిగి పోయడం పంపకం సమస్య తీర్చి శుభ్రత సమస్య తెస్తుంది.

మిషన్ గురించి ఇంకో మాట. చాలాచోట్ల ఫ్యాట్ తగ్గడానికి దొంగతనం కారణం కాదు, బద్ధకం. లోపల పాలపొర గట్టిపడుతుంది. పూట ముగిశాక గోరువెచ్చని నీళ్ళు, తర్వాత కంపెనీ ఇచ్చిన క్లీనర్ తిప్పకపోతే రీడింగ్ మెల్లగా జారుతుంది, రోజువారీ ఎవరికీ కనిపించదు. 4.0 ఉన్న పాలు 3.8 చూపిస్తే 10 లీటర్ల మీద పూటకు సుమారు 20 గ్రాముల వెన్న పోయినట్టు. దీన్ని పట్టుకోవడానికి గెర్బర్ పరీక్ష ఉంది, ఆసిడ్‌తో వెన్నను విడదీసి కొలిచేది. బ్యుటైరోమీటర్‌లో (కొలతగీతలున్న గాజుగొట్టం) 10 మి.లీ. సల్ఫ్యూరిక్ ఆసిడ్, దానిమీద గోడవెంబడి నెమ్మదిగా 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. అమైల్ ఆల్కహాల్. మూత బిగించి కలిపి, 5 నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పి, 65 డిగ్రీల నీళ్ళలో ఉంచి చదవాలి. వెన్న కింద నల్లటి మాడు కనిపిస్తే ఆసిడ్ గాఢం ఎక్కువ, తెల్లటి ముక్కలుంటే తక్కువ. రెండు సందర్భాల్లోనూ ఆ రీడింగ్ చెల్లదు. ఇంతవరకు తూకంరాయి గారితో నేను ఏకీభవిస్తాను, ఇది చేతిపని, శ్రద్ధ.

పెనుమూరు అక్క:
మిషన్ సంగతి సరే నాయనా, వరస సంగతో? ఎండాకాలం సాయంత్రం ముందు పోసినోళ్ళ పాలు కూలింగుకు పోతాయి, చివర నిలబడినోళ్ళ పాలు గంటసేపు బిందెలోనే కాగతాయి. వేడిచేసి చూస్తే విరిగె, రిజెక్టు. చివర నిలబడేది ఎవురు? చానా ఊర్లల్లో కాలనీ వాళ్ళు. ఎవురూ పొమ్మనరు, తిట్టరు, "అలవాటు" అంటారు. సెక్రటరీ నీతిమంతుడే, తూకం పక్కా. అయినా నష్టం ఒకే వీధికి. ఇప్పుడు చెప్పండి, ఇది నీతా రాజకీయమా.

తూకంరాయి:
అక్కా, దానికి టోకెన్ పెడితే సరిపోతుంది. వచ్చిన వరసలో నంబరు.

పెనుమూరు అక్క:
పెట్టు మరి. పెట్టమని అడిగినోళ్ళనే కదా "రాజకీయం చేస్తా ఉండారు" అనింది.

వకీలు (చిత్తూరు):
ఇక్కడ ఒక తేడా అందరూ దాటేస్తున్నారు. సొసైటీ అయితే సర్వసభ్య సమావేశం ఉంటుంది, 1964 సహకార సంఘాల చట్టం కిందైనా, 1995 పరస్పర సహాయ సంఘాల చట్టం కిందైనా. సభ్యుడికి లెక్క అడిగే హక్కుంది. ప్రైవేటు డెయిరీ కేంద్రంలో ఉండేది కమిషన్ ఏజెంటు. అక్కడ సభ్యులు లేరు, పోసేవాళ్ళే ఉన్నారు. 2002లో చిత్తూరు సహకార డెయిరీ మూతపడ్డాక జిల్లాలో చాలామందికి ఉన్నది రెండో రకమే. అక్కడ చార్టు (రీడింగ్‌ను బట్టి పాలధర కట్టే పట్టిక) మార్చాలంటే ఎవరిని అడగాలి? ఏజెంటు నిజాయితీపరుడైనా చార్టు ఆయన రాసింది కాదు.

అప్పుడు మిగిలేది చట్టం. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలని లీగల్ మెట్రాలజీ నిబంధన. పాలసేకరణలో రైతు రక్షణ కోసమే 2023లో రాష్ట్రంలో ప్రత్యేక చట్టం వచ్చింది. చట్టాలు అసెంబ్లీలో పుడతాయి. తూకాన్ని నీతి అని పక్కన పెడితే ఆ చట్టం అమలవుతోందా అని ఎమ్మెల్యేని అడగడం కూడా తప్పయిపోతుంది.

తూకంరాయి:
వకీలు సార్, మీరు చెప్పిందే నా భయం. ఎమ్మెల్యేని పిలిస్తే ముద్ర పడుతుంది, బాగుంది. మరుసటి ఎన్నికల్లో ఆయన ఓడితే? "అది వాళ్ళ సెక్రటరీ మిషను" అని సగం ఊరు రీడింగే నమ్మదు. మిషన్ సరిగ్గా ఉన్నా నమ్మరు, తప్పుగా ఉన్నా మనోడైతే నమ్ముతారు. పరీక్ష విలువంతా ఎవరు చేసినా ఒకే అంకె రావడంలో ఉంది. ఆ ఒక్కటీ పోతే అక్క చెప్పిన వీధికే ఎక్కువ నష్టం, వాళ్ళ తరఫున ఫోను చేసేవాళ్ళు తక్కువ కాబట్టి.

లెక్కలమాస్టరు:
ఇది బలమైన మాటే, ఒప్పుకుంటా. అయితే గుజరాత్ ఖేడా జిల్లా పాల సంఘం (ఇప్పటి అమూల్) 1946లో ఎట్లా పుట్టింది? వ్యాపారుల ధర మీద రైతులు పాలు పోయకుండా సమ్మె కట్టారు, వెనక సర్దార్ పటేల్ సలహా ఉంది. పక్కా రాజకీయం. ఆ తర్వాత నడిపే పని నిపుణులకు ఇచ్చారు. మీరు రెండో సగం చూస్తా ఉండారు, మేము మొదటి సగం.

డెయిరీటెక్:
రెండు వైపులా ఇబ్బంది పెట్టే ఉదాహరణ ఒకటి. ఆవుపాలకు ఆహార భద్రతా ప్రమాణం ఫ్యాట్ 3.2 శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థం) 8.3 శాతం. కొనే చార్టులో ధర కోత ఎస్‌ఎన్‌ఎఫ్ 8.5 దగ్గరే మొదలైందనుకోండి. ఏప్రిల్, మే ఎండలకు, పచ్చిమేత లేక, సంకరజాతి ఆవుకు ఎస్‌ఎన్‌ఎఫ్ దిగుతుంది. 8.4 వచ్చిన పాలు చట్టం ప్రకారం మంచి పాలే, చార్టు ప్రకారం తక్కువ పాలు. అప్పుడే కొందరు చక్కెరో, ఉప్పో, యూరియానో కలుపుతారు, రీడింగ్ పెరుగుతుంది. కలపడం తప్పు, అందులో రెండో మాట లేదు, ఆ పాలు తాగేది పిల్లలు. అయితే కలిపినవాణ్ణి పట్టుకోవడానికి పరీక్షలున్నాయి. 8.5 అని గీత గీసినవాళ్ళని అడగడానికి కేంద్రంలో ఏ పరీక్షా లేదు.

తూకంరాయి:
సరే, చార్టు విషయం వదులుకుంటా, అది కూర్చుని మాట్లాడాల్సిందే. ఫ్యాట్ పరీక్ష మాత్రం వదలను. అనుమానం వస్తే గెర్బర్ అన్నారు, ఊళ్ళో ఆసిడ్ సీసా ఎవరు పెట్టుకుంటారు?

డెయిరీటెక్:
ఊళ్ళో వద్దు. బల్క్ కూలింగ్ యూనిట్ (ఊళ్ళ పాలు చేర్చి చల్లబరిచే చోటు) దగ్గరే చేయించండి. అక్కడిదాకా తీసుకెళ్ళే పద్ధతి ముఖ్యం. ఇద్దరి ముందర ఒకే పాల నుంచి రెండు సీసాలు, రెండింటికీ సీలు, ఇద్దరి సంతకాలు. సీసా మెడదాకా నింపాలి, సగం పోస్తే బండి కుదుపుకు వెన్న కట్టి రీడింగ్ పడిపోతుంది. మంచులో పెట్టి పంపాలి. పరీక్షకు ముందు 40 డిగ్రీలకు వెచ్చచేసి, మూతకు అంటిన వెన్న కరిగేలా మెల్లగా తిప్పి, చల్లార్చాలి. ఒకటి పరీక్షకు, ఒకటి దాపుకు.

లెక్కలమాస్టరు:
దాపు సీసా ఎవరి దగ్గర?

తూకంరాయి:
పోసినవాళ్ళ దగ్గరే.

పెనుమూరు అక్క:
ఫ్రిజ్ లేని ఇల్లయితేనో?

డెయిరీటెక్:
ఫార్మలిన్ రెండు చుక్కలు వేస్తే ఫ్యాట్ పరీక్ష వరకు నిలుస్తాయి. ఎక్కువైతే ఆసిడ్‌లో సరిగ్గా కరగవు. సీసా మీద "తాగరాదు" అని పెద్దక్షరాలతో రాయాలి, పిల్లలకు అందనిచోట పెట్టాలి. ఫార్మలిన్ కేంద్రం ఖర్చుతో రావాలా, పోసినవాళ్ళ ఖర్చుతోనా అన్నది మీ తీర్మానంలో రాసుకోండి.