నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్‌కు ఇల్లు మారుతున్నాం: ఏ పని ముందు, ఏ పని తర్వాత?

ప్రశ్న – నల్లగొండ నుంచి ఒక గృహిణి

పెద్దలందరికీ నమస్కారం. మావారు పనిచేసే ప్రైవేటు సంస్థ ఆయనను మహబూబ్‌నగర్‌కు బదిలీ చేసింది. ఆయన ఇప్పటికే అక్కడ ఒక గది తీసుకుని ఉద్యోగానికి వెళ్తున్నారు. పిల్లల పరీక్షలు ఈ ఏప్రిల్‌లో ముగుస్తాయి కాబట్టి మే నెల చివరి వారంలో ఇల్లంతా మార్చాలని అనుకుంటున్నాం. తొమ్మిదేళ్లుగా ఇదే కిరాయి ఇంట్లో ఉన్నందువల్ల సామాను బాగా పెరిగింది. రెండు మంచాలు, బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, కూలర్, ఇన్వర్టర్‌తో పాటు మా అత్తమ్మ పెళ్లినాటి ఇత్తడి బిందెలు, గంగాళం, ఒక రోలు కూడా ఉన్నాయి. అబ్బాయి పదో తరగతిలోకి, అమ్మాయి ఆరో తరగతిలోకి వస్తున్నారు. అత్తమ్మకు షుగర్ ఉంది, రోజూ ఇన్సులిన్ తీసుకుంటారు. మహబూబ్‌నగర్‌లో ఇల్లు చూసి అడ్వాన్సు ఇచ్చి వచ్చాం.

సామాను సర్దడం కన్నా పనుల వరుస నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది. బడి, గ్యాస్, కరెంటు, ఆధార్, రేషన్ కార్డు, స్కూటరు కాగితాలు అన్నీ ఒకేసారి మీద పడినట్లున్నాయి. మావారు ఇక్కడ లేరు కనుక తిరగవలసింది నేనే. దేనితో మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు – దేవరకొండ నుంచి ఒక విశ్రాంత ఉద్యోగి

అమ్మా, నా ఉద్యోగ కాలంలో ఐదుసార్లు ఇల్లు మార్చాను. ఆ అనుభవంతో చెబుతున్నాను. నల్లగొండలో ఉండగానే చేయవలసిన పనులేవో, మహబూబ్‌నగర్ చేరాక తీరిగ్గా చేసుకోగలిగినవి ఏవో ముందుగా విడదీసి ఒక కాగితం మీద రాసుకోండి. కొండమల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా వెళ్తే ఈ రెండు ఊళ్ల మధ్య దూరం దాదాపు 150 కిలోమీటర్లు ఉంటుంది. ఒక్క సంతకం కోసం వెనక్కి రావలసి వస్తే మీకు రోజంతా పోతుంది, ఇంట్లో షుగర్ ఉన్న పెద్దావిడను వదిలి రావలసి వస్తుంది. అందువల్ల ఈ ఏప్రిల్, మే నెలల్లో మీ శక్తినంతా ఇక్కడి పనుల మీదనే పెట్టండి.

వాటిలో మొదటిది బడి. వేసవి సెలవులు మొదలయ్యాక ప్రధానోపాధ్యాయుల సంతకం దొరకడం కష్టమవుతుంది, కాబట్టి టీసీ కోసం ఈ వారమే దరఖాస్తు ఇవ్వండి. టీసీ రాయకముందే బడి రిజిస్టరులో పిల్లల పేరు, ఇంటి పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు ఆధార్‌లో ఉన్నట్లే ఉన్నాయో లేదో అక్షరం అక్షరం సరిచూడండి. అబ్బాయి పదో తరగతిలోకి వస్తున్నాడు కనుక ఇది మరీ ముఖ్యం. బడి రికార్డులో ఉన్న వివరాలే పదో తరగతి మెమోలోకి ఎక్కుతాయి, ఆ తర్వాత వాటిని దిద్దించుకోవడం చాలా పెద్ద పని. టీసీతో పాటు ప్రోగ్రెస్ కార్డులు, ప్రతి విద్యార్థికీ ఇచ్చే పెన్ నంబరు కూడా అడిగి తీసుకోండి.

చాలామంది మరచిపోయేది స్టడీ సర్టిఫికెట్. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగాల నియామకాలలో అభ్యర్థి ఏ జిల్లాకు, ఏ జోనుకు స్థానికుడో తేల్చడానికి 1 నుంచి 7వ తరగతి వరకు ఎక్కడ చదివాడో చూపే ధ్రువపత్రాలను అడుగుతారు. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల తర్వాత నల్లగొండ యాదాద్రి జోనులోకి, మహబూబ్‌నగర్ జోగులాంబ జోనులోకి వచ్చాయి. మీ అమ్మాయి ఐదు తరగతులు ఒక జోనులో, మిగిలిన రెండూ మరొక జోనులో చదవబోతున్నది. అబ్బాయికి 1 నుంచి 7 వరకు, అమ్మాయికి 1 నుంచి 5 వరకు ఏ సంవత్సరంలో ఏ తరగతి చదివారో స్పష్టంగా రాయించి, ముద్ర వేయించి, ఇప్పుడే తీసుకోండి. మా పెద్దవాడు చదివిన ఒక ప్రైవేటు బడి మేము ఊరు మారిన కొన్నేళ్లకు మూతపడింది. ఉద్యోగ దరఖాస్తు వేళ ఆ మూడేళ్ల ధ్రువపత్రం కోసం వాడు కార్యాలయాల చుట్టూ తిరగడం చూసి ఎంతో బాధపడ్డాను. ఆ రోజు పదిహేను నిమిషాలు కూర్చుని రాయించుకుని ఉంటే వాడికి ఆ తిప్పలు తప్పేవి.

రెండోది గ్యాస్. కంపెనీ అదే అయినా ఊరు మారుతున్నప్పుడు సిలిండర్‌ను, రెగ్యులేటర్‌ను ఇక్కడి ఏజెన్సీలో అప్పగించి బదిలీ వోచరు తీసుకోవాలి. కనెక్షన్ తీసుకున్న నాటి కాగితంలో రాసి ఉన్న డిపాజిట్ సొమ్ము మీకు తిరిగి ఇస్తారు. ఆ వోచరును మహబూబ్‌నగర్‌లోని ఏజెన్సీలో చూపి, ఇప్పటి రేటు ప్రకారం డిపాజిట్ కడితే అక్కడ సిలిండర్ ఇస్తారు. పొయ్యి, గొట్టం మీవే కనుక వెంట తీసుకెళ్లవచ్చు. నిండు సిలిండర్‌ను సామాను బండిలో ఎక్కించే ఆలోచన మాత్రం ఎంతమాత్రం పెట్టుకోవద్దు. బయలుదేరడానికి రెండు రోజుల ముందు అప్పగించి, ఆ రెండు రోజులూ కరెంటు పొయ్యితో గడుపుకోవడం మంచిది.

మూడోది ఇంటి యజమానితో లెక్క. ఖాళీ చేస్తున్నామని నెల రోజుల ముందే రాతపూర్వకంగా చెప్పండి. సున్నానికి, రంగులకు ఎంత పట్టుకుంటారో అప్పుడే తేల్చుకుంటే చివరి రోజు మాట తేడా రాదు. తాళాలు ఇచ్చేనాడు మీటరు రీడింగును ఇద్దరూ కలిసి చూసి, ఫోటో తీసుకుని, అప్పటివరకు అయిన యూనిట్లకు డబ్బు కట్టేయండి. గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు ఉచిత విద్యుత్తు పొందుతుంటే, ఆ ప్రయోజనం ఇప్పటి ఇంటి సర్వీసు నంబరుకు ముడిపడి ఉంటుంది. అందుకని కొత్త ఇంటి కరెంటు బిల్లు నకలును ఆ యజమానిని అడిగి దగ్గర ఉంచుకోండి, అక్కడి మున్సిపల్ కార్యాలయంలో మార్పు కోసం అడగడానికి అది కావాలి.

మిగిలినవన్నీ వెళ్లాక చేసుకోవచ్చు. రేషన్ బియ్యం రాష్ట్రంలో ఏ చౌక ధరల దుకాణంలోనైనా తీసుకోవచ్చు కనుక కార్డు గురించి తొందర లేదు. ఓటరు చిరునామా మార్పుకు ఫారం 8 ఇస్తే సరిపోతుంది. స్కూటరు ఆర్‌సీలో చిరునామా మార్పు కోసం 30 రోజుల లోపల తెలియజేయాలని చట్టం చెబుతున్నది. ఒకే రాష్ట్రం కాబట్టి బండి నంబరు మారదు. ఈ పనుల్లో చాలా వాటికి కొత్త చిరునామా రుజువు కావాలి, అందుకోసం అక్కడి ఇంటి కిరాయి ఒప్పందాన్ని సంతకాలతో సహా ముందే సిద్ధం చేయించుకోండి.

జవాబు – జడ్చర్ల నుంచి ఒక డీసీఎం యజమాని

మీరు చెప్పిన సామానుకు 14 అడుగుల డీసీఎం ఒక్క ట్రిప్పుకు సరిపోతుంది. చిన్న ట్రాలీలు రెండు మాట్లాడుకుంటే కిరాయి తక్కువని అనిపిస్తుంది గాని, అంత దూరానికి రెండు బండ్ల డీజిలు, ఇద్దరు డ్రైవర్ల ఖర్చు కలిపి చూస్తే మిగిలేదేమీ ఉండదు. నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఏమిటంటే, నల్లగొండ అడ్డాలో అడిగేటప్పుడు మహబూబ్‌నగర్, జడ్చర్ల వైపు నుంచి లోడుతో వచ్చి ఖాళీగా తిరిగి వెళ్లే బండి ఉన్నదా అని అడగండి. ఎలాగూ ఖాళీగా పోవలసిన బండి కనుక అటువంటివారు తక్కువకు ఒప్పుకుంటారు. కిరాయి మాట్లాడేటప్పుడే రెండు చోట్లా హమాలీల కూలి ఎవరిది, ఏ అంతస్తు వరకు మోయాలి, టోలు ఉంటే ఎవరు కట్టాలి అన్నది తేల్చుకోండి. తగాదాలు ఎక్కువగా రెండో ఊళ్లో సామాను దించే వేళ వస్తాయి, అప్పటికి మీ సామాను బండి మీదనే ఉంటుంది.

ఎక్కించే వరుస గురించి కూడా రాస్తున్నాను. బరువైన రోలు, బియ్యం బస్తాలు అడుగున, క్యాబిన్ వైపు రావాలి. బీరువాను పూర్తిగా ఖాళీ చేసి, అద్దానికి దుప్పటి చుట్టి, తలుపులు తెరుచుకోకుండా తాడుతో బిగించి, క్యాబిన్ గోడకు ఆనించి నిలబెట్టాలి. బట్టలు లోపలే ఉంచితే బరువుకు తలుపు బందులు వంగిపోతాయి. ఇత్తడి గంగాళంలో మెత్తని పరుపు బట్టలు నింపితే చోటు కలిసివస్తుంది, సొట్టలు కూడా పడవు. ఫ్రిజ్‌ను ముందు రోజే ఆపి, మంచు కరిగించి, తుడిచి ఉంచండి. దారి పొడవునా నిలువుగానే ఉండాలి, దించాక మూడు నాలుగు గంటలు ఆగి స్విచ్ వేయండి. మీది ముందు తలుపు ఉన్న వాషింగ్ మెషిన్ అయితే, కొన్నప్పుడు వెనుక నుంచి తీసిన పెద్ద బోల్టులను వెతికి మళ్లీ బిగించాలి, లేకపోతే గుంతల రోడ్డు మీద లోపలి డ్రమ్ము ఊగి దెబ్బతింటుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో యాసిడ్ ఉంటుంది కనుక అది ఒరగకూడదు, దాని పక్కన బట్టలు, పరుపులు పెట్టకూడదు.

మే చివర అంటే ఎండ సంగతి మీకు తెలిసిందే. ముందు రోజు సాయంత్రమే లోడు ఎక్కించి తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరితే ఎండ ముదరకముందే దించడం మొదలుపెట్టవచ్చు. ఆ రోజుల్లో సాయంత్రం పూట గాలివాన ఎప్పుడు వస్తుందో చెప్పలేము, అందువల్ల రాత్రి లోడు మీద తాటిపత్రి కప్పి కట్టమని డ్రైవరుకు గట్టిగా చెప్పండి.

మళ్లీ ప్రశ్న – నల్లగొండ నుంచి అదే గృహిణి

ఇద్దరికీ ఎన్నో కృతజ్ఞతలు. మరో రెండు సందేహాలు ఉన్నాయి. మంచి రోజు చూసి పాలు పొంగించాలని అత్తమ్మ అంటున్నారు, కాని ఆ రోజుకు బండి దొరుకుతుందో లేదో తెలియదు. అలాగే ఏటా మే నెలలో ఆవకాయ పెడతాను. జాడీలు అంత దూరం సురక్షితంగా చేరుతాయా?

జవాబు – మహబూబ్‌నగర్ నుంచి ఒక ఉపాధ్యాయురాలు

చెల్లెమ్మా, పాలు పొంగించే రోజు, సామాను దించే రోజు ఒకటే కావాలన్న నియమం లేదు. మా పాలమూరులో చాలామంది మంచి రోజున దేవుడి పటం, ఉప్పు, పసుపు, బియ్యంతో వచ్చి పాలు పొంగించి, బండి కుదిరిన రోజున సామాను తెచ్చుకుంటారు. అత్తమ్మ గారికి తృప్తిగా ఉంటుంది, మీకూ పని కలిసివస్తుంది. ఆ రోజు ఖాళీ ఇంట్లో నల్లాలన్నీ తిప్పి చూడండి, ప్లగ్గులు పనిచేస్తున్నాయో లేదో చూడండి, మెట్ల మలుపులో బీరువా, మంచం పడతాయో లేదో టేపుతో కొలుచుకోండి. నల్లా నీళ్లు ఏ రోజు, ఎన్ని గంటలకు వస్తాయో పక్కింటివారిని అడిగి, మీరు దిగే రోజుకు సంపు నిండేలా యజమానికి చెప్పండి. మే నెలలో నీళ్లు లేని ఇంట్లో దిగడం కన్నా పెద్ద కష్టం లేదు.

ఆవకాయను ఈసారి అక్కడ పెట్టకండి. కలిపిన మూడో రోజు తిరగగలిపి, నూనె పోసి, కొన్నాళ్లు కదపకుండా ఉంచవలసిన పచ్చడిని బండిలో కుదపడం మంచిది కాదు. దిగిన వారంలో ఇక్కడే కాయలు కొని పెట్టుకోండి. పాత పచ్చళ్లు ఉంటే జాడీ అంచు వరకు నూనె లేకుండా కొంత తీసి, మూతి మీద ప్లాస్టిక్ కాగితం వేసి, పైన వాసెన గట్టిగా కట్టి, మీరు ప్రయాణించే కారులో కాళ్ల దగ్గర పెట్టుకోండి. అత్తమ్మ గారి ఇన్సులిన్‌ను, నెలకు సరిపడా మందులను, డాక్టరు చీటీల ఫైలును చేతి సంచిలోనే ఉంచాలి. ఇన్సులిన్ చల్లగా ఉండాలి కాని మంచు ముక్కలకు నేరుగా తగలకూడదు, బట్టలో చుట్టి ఫ్లాస్కులో పెట్టండి. ఫ్రిజ్ మళ్లీ చల్లబడేసరికి సాయంత్రమవుతుంది కనుక అప్పటివరకు ఆ ఫ్లాస్కు మీద ఒక కన్ను వేసి ఉంచండి.

పది రోజుల తర్వాత – నల్లగొండ నుంచి అదే గృహిణి

మీరు చెప్పినట్లే బడితో మొదలుపెట్టాను. రిజిస్టరు చూస్తే అమ్మాయి పుట్టిన నెల ఆధార్‌లో ఒకటి, బడిలో మరొకటి ఉన్నది. జనన ధ్రువపత్రం చూపించి దరఖాస్తు ఇచ్చాను. దిద్దిన తర్వాతనే టీసీ రాస్తామని ప్రధానోపాధ్యాయులు చెప్పారు. అబ్బాయి స్టడీ సర్టిఫికెట్ నిన్న చేతికి వచ్చింది. ఇంటి యజమానికి కాగితం ఇచ్చాను. మావారు వచ్చే ఆదివారం కొత్త ఇంటి మెట్ల మలుపు కొలిచి చెబుతానన్నారు, బీరువా పట్టకపోతే దానిని ఇక్కడే అమ్మేయాలని అనుకుంటున్నాం.